గుమ్మానికీ అలకీ మధ్య

ఈ నెల ప్రయాణాల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు, సముద్రపు ఒడ్డున ఆకు కప్పుతో, చెక్క గోడలతో, పరిమితమైన సౌకర్యాలతో నడిచే కబానా హోటళ్ళలో కుటుంబంతో కలిసి ఉండటం గురించినవే. కబానా అంటే స్పానిష్ భాషలో గుడిసె అని అర్థం. గుడిసెలో ఉండబోతున్నామని ఒప్పుకుని బయలుదేరినవారు రాసిన ఉత్తరానికీ, స్టార్ హోటల్‌కు ఆకు కప్పు వేశారనుకుని వెళ్ళినవారు రాసిన ఉత్తరానికీ మొదటి రెండు వాక్యాల్లోనే తేడా తెలిసిపోతోంది.

ప్రశ్న: మేము ఆరుగురం. మా దంపతులం, తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, మా అత్తగారు, మామగారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులున్నాయి, రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. మేము చూసిన కబానా హోటల్‌లో ఏసీ లేదు, గదిలో ఫ్రిజ్ లేదు, రాత్రి పది దాటాక కరెంటు ఉండదని ముందే చెప్పారు. సముద్రానికి ఆనుకుని ఉన్న మొదటి వరసకు అద్దె ఎక్కువ. వెళ్ళవచ్చా? వెళితే మొదటి వరసే తీసుకోమంటారా?

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా, కానీ మొదటి వరస తీసుకోకండి. కబానా ఫోటోలో అందరూ మంచాన్నీ, దోమతెరనూ, వరండాలో కట్టిన ఊయలనూ చూస్తారు. నేను మాత్రం గుమ్మానికీ అలకీ మధ్యనున్న నేలను చూస్తాను. ఇలాంటి చోట గడిపే నాలుగు రోజులు సుఖంగా సాగుతాయో లేదో తేల్చేది ఆ కాస్త నేలే.

చాలా తీరాల్లో సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి రెండుసార్లు తగ్గుతుంది. ఒక పోటు నుంచి మరో పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక, పోటు వేళ రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరసలో కలుస్తుంది. అందువల్ల ఆ రోజుల్లోనూ, వాటి తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనూ నీరు మామూలుకంటే బాగా పైకి వస్తుంది. ఫోటో తీసే మనిషి సహజంగా నీరు తగ్గిన వేళ చూసుకుని, ఇసుక తెల్లగా పరుచుకుని ఉన్నప్పుడే తీస్తాడు. కాబట్టి గుమ్మం నుంచి నీటిదాకా ముప్పై అంగల ఇసుక కనిపిస్తే, అది ఏ వేళ తీసిన ఫోటో అని అడగండి. వీలైతే పోటు వేళ తీసిన ఫోటో ఒకటి పంపమనండి.

మేమూ ఒకసారి డబ్బు ఎక్కువ పోసి మొదటి వరస తీసుకున్నాం. పౌర్ణమి మర్నాటి రాత్రి, మెట్ల కింద వరసగా విడిచిన ఏడు జతల చెప్పులు తెల్లవారేసరికి లేవు. ఎనిమిది గంటల వేళ వాటిలో ఒకే ఒక్క ఎడమకాలి చెప్పు, పట్టీకి నాచు చుట్టుకుని, పక్క కబానా ముందుకు కొట్టుకొచ్చింది. అది మా నాన్నగారిది. ఆయన దాన్ని కడిగి, ఆరబెట్టి, వెళ్ళేదాకా వరండా కొయ్యకు తగిలించి ఉంచారు, రెండోది కూడా వస్తుందేమోనని. రాలేదు.

హోటల్ చేరగానే ఇసుక మీద ఎండిన నాచు, పుల్లలు, గవ్వ ముక్కలు పేరుకుని గీతలా కనిపించే చోటు వెతకండి. ఈ మధ్య పోటు నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పే గుర్తు అదే. అలాంటి గీతలు రెండు మూడు ఉంటే, అన్నిటికంటే పైనున్నదాన్నే లెక్కలోకి తీసుకోండి. ఆ గీత మీ మెట్లకు నాలుగు అంగల దూరంలో ఉందంటే, వానాగాలీ వచ్చిన రాత్రి మీకు నిద్ర ఉండదు.

రెండో వరస మేలనడానికి మరో కారణం మీ అత్తగారు. పొడి ఇసుక మీద నడకకు, గట్టి నేల మీద అదే వేగంతో నడిచేటప్పటికంటే రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుందని కొలిచి చూసినవారు తేల్చారు. మోకాళ్ళు సరిగ్గా లేనివారికి ఇది శ్రమ ఒక్కటే కాదు, అడుగడుగునా పాదం ఒక పక్కకు ఒరగడం వల్ల నొప్పి కూడా. గది నుంచి భోజనశాలకు చెక్క పలకల బాట ఉందా, స్నానాలగది కబానాకు ఆనుకునే ఉందా లేక బయటికి నడవాలా, మెట్లు ఎన్ని, వాటికి పట్టుకునే కర్ర ఉందా, మంచం ఎత్తుగా ఉందా లేక నేల మీద పరుపేనా అన్నవి ఫోన్ చేసి అడగండి. ఈ అయిదింటిలో మూడింటికి సరైన జవాబు రాకపోతే హోటల్ మార్చండి. ఏసీ లేదన్న బెంగ మాత్రం పెట్టుకోకండి. పగలు గాలి సముద్రం నుంచి నేల మీదికి, రాత్రి నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది. గదికి రెండు వైపులా కిటికీలుంటే ఆ రెండు గాలులూ అందుతాయి. సముద్రం వైపు మాత్రమే కిటికీ ఉండి వెనక గోడ మూసి ఉంటే, రాత్రి ఆ గది ఉడికిపోతుంది.

ఇన్సులిన్ విషయం. వాడకం మొదలుపెట్టిన సీసా లేదా పెన్నును, ఎండ తగలకుండా 30 డిగ్రీల లోపు ఉంచితే, చాలా రకాలు నాలుగు వారాల వరకు పాడవవు. మీది ఏ రకమో, ఎన్ని రోజులు ఆగుతుందో పెట్టె మీద ముద్రించి ఉంటుంది, డాక్టరుతో కూడా ఒకమాట నిర్ధారించుకోండి. తెరవని సీసాలను మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, కాబట్టి పది దాటాక కూడా చల్లగా ఉంటుందో లేదో కనుక్కుని, వాటిని హోటల్ వంటగది ఫ్రిజ్‌లో పెట్టించండి. ఐసు గడ్డకు తాకనివ్వకండి, ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు. నీటిలో తడిపి వాడే చల్లని సంచులు కొందరు తీసుకువెళుతుంటారు. అవి తడి ఆరేటప్పుడు చల్లబడే రకం. సముద్రపు గాలిలో అసలే తేమ ఎక్కువ కనుక తడి త్వరగా ఆరదు, పొడి ప్రాంతాల్లో పనిచేసినంత బాగా పనిచేయవు. పది దాటాక కొవ్వొత్తులు వద్దు. ఎండిన ఆకు కప్పు కింద, దోమతెర పక్కన నిప్పు ఉండకూడదు. మనిషికొక టార్చి తీసుకువెళ్ళండి.

మీ పాపకు తొమ్మిదేళ్ళు కనుక ఒక సంగతి ఆమెకు కూడా చెప్పవచ్చు. 2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్రంలో సునామీ వచ్చినప్పుడు, థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవిలో, మై ఖావ్ తీరంలో తల్లిదండ్రులతో సెలవుల్లో ఉన్న టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ బ్రిటిష్ బాలిక, రెండు వారాల ముందు బడిలో భూగోళ పాఠంలో చెప్పినట్టే సముద్రం నురగలు కక్కుతూ వింతగా ప్రవర్తించడం గమనించి పెద్దలను హెచ్చరించింది. తీరమంతా ఖాళీ చేయించారు, అక్కడ ఒక్కరూ చనిపోలేదు. నేల బలంగా కంపించినా, నీరు ఉన్నట్టుండి అసాధారణంగా వెనక్కి తగ్గినా, చెప్పులు కూడా వెతుక్కోకుండా ఎత్తైన చోటికి వెళ్ళాలి. ఆ ఎత్తైన చోటు ఏదో, దారి ఎటో, మొదటి సాయంత్రమే షికారుగా నడిచి చూసి రండి.

ప్రశ్న: మేము ఉన్న కబానాలో స్నానానికి వచ్చే నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, సబ్బు నురగే రాలేదు. మూడో రోజుకు ఉప్పు ఇంకా పెరిగింది. అడిగితే "ఇది మంచినీటి బావేనండీ, ఈ వారం అన్ని గదులూ నిండాయి, అందుకే" అన్నారు. గదులు నిండటానికీ నీళ్ళు ఉప్పు కావడానికీ సంబంధం ఏమిటి? మమ్మల్ని మోసం చేశారా?

జవాబు: మోసం కాదండీ, ఆయన ఉన్నమాటే చెప్పారు, కాస్త వివరంగా చెప్పవలసింది. తీరంలో, దీవుల్లో ఇసుక కింద ఉండే మంచినీరు ఎక్కువగా వాన నీరే. అది ఇసుకలోకి దిగి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద, పాల మీద మీగడలా తేలుతూ ఉంటుంది. మంచినీటి సాంద్రత 1 అనుకుంటే సముద్రపు నీటిది సుమారు 1.025. ఆ చిన్న తేడా నుంచి ఒక పెద్ద లెక్క పుడుతుంది: సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిచి ఉందంటే, ఆ మట్టానికి కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఒక డచ్ ఇంజనీరూ, 1901లో హెర్జ్‌బెర్గ్ అనే జర్మన్ ఇంజనీరూ ఎవరికివారుగా ఈ లెక్క తేల్చారు.

లెక్కను తిప్పి చదివితే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మోటారు పెట్టి తోడి, పైన ఒక్క అడుగు నీటిమట్టం తగ్గిస్తే, కాలక్రమంలో అడుగునున్న ఉప్పునీరు నలభై అడుగులు పైకి రావడానికి చోటు దొరుకుతుంది. బావి సరిగ్గా కింద అది శంకువులా లేచి వస్తుంది. గదులన్నీ నిండి, ప్రతి గదిలో నలుగురు రెండు పూటలా తలస్నానాలు చేస్తే మూడో రోజుకు నీటి రుచి మారడంలో వింత లేదు. అలాంటి చోట షవర్ కింద పావుగంట నిలబడే అతిథి, తెలియకుండానే పక్క గదివాళ్ళ బకెట్లో ఉప్పు కలుపుతున్నట్టే.

నురగ రాకపోవడానికి కారణం, సముద్రపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా మారడం. షాంపూలు, ద్రవరూపంలో వచ్చే ఒంటి సబ్బులు ఇలాంటి నీటిలో కొంత నయం. కొబ్బరినూనెతో చేసిన సబ్బు కూడా నురగనిస్తుంది, పూర్వం ఓడ మీద నావికులు వాడినది అదే. తాగడానికి మాత్రం ఆ నీటిని కాచి వాడదామనుకోకండి. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఉప్పు పోదు, నీరు ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది. తాగునీరు ఎక్కడి నుంచి తెస్తారన్నది గది తీసుకునేముందే అడగవలసిన ప్రశ్న. మీరు ఒక్క విషయంలో నొచ్చుకోవడం న్యాయమే: గది అద్దెకిచ్చేటప్పుడు ఈ సంగతి వారే చెప్పి ఉండాలి.

ప్రశ్న: కబానా ముందు సముద్రం రెండు పక్కలా విరుచుకుపడుతుంటే, మధ్యలో ఒకచోట మాత్రం అలలు లేకుండా నున్నగా ఉంది. పిల్లలకు అదే భద్రమని అక్కడ దింపాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పరుగున వచ్చి, నా మీద కేకలు వేసి, పిల్లలను బయటికి లాగారు. ఆయన అంతగా కోప్పడవలసిన పనేమిటి?

జవాబు: ఆ పెద్దాయన మీకు మళ్ళీ కనబడితే నా తరఫున కూడా దణ్ణం పెట్టండి. మీరు పిల్లలను దింపింది తీరంలోకెల్లా ప్రమాదకరమైన చోట.

అలలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీరు ఎలాగో ఒకలా వెనక్కి పోవాలి కదా. అడుగున ఇసుక మేటలు ఉన్నచోట అలలు విరుగుతాయి, మేటల మధ్య లోతైన గండి ఉన్నచోట విరగవు. వెనక్కి పోయే నీరంతా ఆ గండి వెంట సన్నని ఏరులా సముద్రంలోకి పరుగెడుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. పైనుంచి చూసేవారికి అలలు లేని నున్నని పట్టీలా, కొన్నిసార్లు చుట్టుపక్కల నీటికంటే ముదురు రంగులో, నురగా ఇసుకా లోపలికి కొట్టుకుపోతూ కనిపిస్తుంది. తెలియనివారి కళ్ళకు అది ప్రశాంతంగా ఉండటమే దాని మాయ. దాని వేగం మామూలుగా సెకనుకు అర మీటరు లోపే ఉంటుంది, కానీ ఉధృతంగా ఉన్నప్పుడు 2.5 మీటర్ల వరకు వెళుతుంది. 50 మీటర్ల పందెంలో ప్రపంచంలోకెల్లా వేగంగా ఈదేవారి సగటు వేగం సెకనుకు 2.4 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. దానికి ఎదురీదడం అంటే ఏమిటో దీన్నిబట్టి ఊహించుకోండి.

అది మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. మునిగిపోయేవారు చాలావరకు ఒడ్డు వైపే ఎదురీది, అలిసి మునిగిపోతారు. చిక్కుకున్నవారు ముందు వెల్లకిలా తేలి ఊపిరి నిలుపుకోవాలి, చెయ్యెత్తి సాయం అడగాలి, ఈదగల శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరుగుతున్న చోటికి చేరి, ఆ అలలతోపాటే ఒడ్డుకు రావాలి. బయట ఉన్నవారు వెంటనే దూకకూడదు. తేలే వస్తువేదైనా, ఖాళీ నీళ్ళ క్యాన్ అయినా సరే, అందేలా విసిరి మనుషులను పిలవాలి. పిల్లలు నీటిలో ఉన్నంతసేపూ పెద్దవారొకరు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, వాళ్ళూ నీటిలోనే ఉండాలి. కబానా వరండాలో కూర్చుని చూడటాన్ని నేను కాపలాగా ఒప్పుకోను. మునుగుతున్న పిల్లవాడు సాధారణంగా అరవలేడు.

చిన్న హోటళ్ళలో మునిగేవారిని కాపాడే రక్షకుడు ఉండడు, ప్రమాదాన్ని తెలిపే జెండాలు ఉండవు. అక్కడ సముద్రం ఎరిగినవాడు వల బాగుచేసుకునే పెద్దాయనే. చేరిన రోజునే ఆయనను పలకరించి, ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ కూడదో అడగడం మంచిది.

ప్రశ్న: దోమతెర నాలుగు వైపులా దోపుకునే పడుకున్నాం. అయినా తెల్లవారేసరికి కాళ్ళ నిండా దద్దుర్లు. తెర చిరుగు లేదు.

జవాబు: అవి దోమలు కావు, ఇసుక ఈగలని పిలిచే నలుసంత పురుగులై ఉంటాయి. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొడవుండే ఈ పురుగుల్లో చిన్నవి మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతాయి. పైగా మిమ్మల్ని బహుశా మంచం మీద కాదు, సాయంత్రం గాలి పడిపోయిన వేళ ఇసుకలో కూర్చున్నప్పుడే కుట్టి ఉంటాయి. దురద తర్వాత మొదలవుతుంది. పగటి గాలి ఆగి రాత్రి గాలి ఇంకా మొదలవని ఆ గంటసేపూ పొడవు లాగులు తొడుక్కోండి, లేదా వరండాలో ఫ్యాను కింద కూర్చోండి. అవి గాలికి ఎదురు ఎగరలేవు. పురుగులు కుట్టకుండా పూసుకునే మందు వాడితే పెట్టె మీది వయోపరిమితి చూసుకోండి, రెండు నెలల లోపు పసివారికి ఏదీ పూయకూడదు.

ప్రశ్న: రాత్రి ఎనిమిది దాటగానే సముద్రం వైపు దీపాలన్నీ ఆర్పేశారు, మా ఫోన్ వెలుతురు కూడా వద్దన్నారు. పగలు మా అబ్బాయి రెండు గంటలు కష్టపడి తవ్విన గొయ్యిని సాయంత్రం పార పట్టుకొచ్చి పూడ్చేశారు. వాడు ఒకటే ఏడుపు. అతిథుల పట్ల ఇదేం మర్యాద?

జవాబు: ఆ రెండు పనులకూ ఒకే జవాబు, తాబేళ్ళు. సముద్రపు తాబేలు రాత్రి వేళ ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. సుమారు రెండు నెలలకు బయటికి వచ్చే పిల్లలు, ఎటు దిక్కు ఎక్కువ వెలుగుగా ఉంటే అటు నడుస్తాయి. మనిషి లేని తీరంలో ఆ వెలుగు నీటి మీద ఆకాశానిదే. హోటల్ ఉన్నచోట అది మీ వరండా బల్బుది. అటు తిరిగిన పిల్ల తెల్లవారేసరికి ఎండకో, కాకులకో, పీతలకో పోతుంది. తప్పనిసరైతే ఎర్రని దీపం నేల వైపు తిప్పి వాడతారు, అది వాటిని అంతగా ఏమార్చదు. ఇక గొయ్యి సంగతి: తల్లి తాబేలు అందులో పడితే పైకి రాలేదు.

కానీ మీరు హోటల్ వారికి కృతజ్ఞత చెప్పవలసిన కారణం వేరే ఉంది. తడిగా ఉన్నంతసేపూ గోడలా నిలబడే ఇసుక, ఆరగానే ఒక్కసారిగా కూలుతుంది. గోతిలో ఉన్న పిల్లవాడు కూలిన ఇసుక బరువు కింద ఊపిరి పీల్చుకోలేడు. తీయబోయేవారి చేతుల కింద ఇసుక మళ్ళీ జారుతూనే ఉంటుంది. అందరిలోకీ చిన్నవాడి మోకాలి లోతు దాటి తవ్వనివ్వకూడదు, సొరంగాలు అసలే కూడదు. కట్టుకోవాలంటే ఇసుక కోట పైకి ఎంత ఎత్తైనా కట్టుకోమనండి. వెళ్ళేముందు గోతులు పూడ్చే పని వాడికే అప్పగించండి, ఏడవడు.

ప్రశ్న: నాకు పదేళ్ళు. మేము సముద్రం పక్కన చెక్క ఇంట్లో పడుకున్నాం. పగలు కంటే రాత్రి సముద్రం ఎక్కువ అరిచింది. తమ్ముడు భయపడ్డాడు, నేను పడలేదు. రాత్రి ఎందుకు ఎక్కువ అరుస్తుంది?

జవాబు: మంచి ప్రశ్న తల్లీ. సముద్రం చాలావరకు పగలు అరిచినంతే అరుస్తుంది, నీకు వినపడటంలోనే తేడా. పగలు మనుషుల మాటలు, పక్షుల కూతలు దానికి అడ్డం వస్తాయి. అంతేకాక, పగలు నేల వేడెక్కి ఉంటుంది కనుక శబ్దం పైకి వంగి ఆకాశంలోకి పోతుంది. రాత్రి నేల పక్కన గాలి చల్లబడి, పైన కాస్త వెచ్చగా ఉంటే, అదే శబ్దం కిందికి వంగి నీ కిటికీలోకి వస్తుంది. చెక్క గోడ పలచన, ఇంటి గోడలా శబ్దాన్ని ఆపలేదు.

ఈసారి తమ్ముడికి భయం వేస్తే, టార్చి వెలుగులో గడియారం చూస్తూ ఇద్దరూ అలలు లెక్కపెట్టండి. ఒక అల విరిగిన చప్పుడుకూ, తర్వాతి అల చప్పుడుకూ మధ్య ఎన్ని సెకన్లో పది అలలకు రాసుకుని సగటు తీయండి. అయిదారు సెకన్లు వస్తే ఆ అలలు దగ్గరలో వీచే గాలికి పుట్టినవి. పన్నెండు, పద్నాలుగు సెకన్లు వస్తే అవి ఎక్కడో దూరాన, సముద్రం మధ్యలో వచ్చిన తుపానుకు పుట్టి, రోజుకు సుమారు 900 కిలోమీటర్లు ప్రయాణం చేసి మీ గుమ్మం ముందుకు వచ్చాయన్నమాట. నీకు ఎన్ని సెకన్లు వచ్చాయో, తమ్ముడు ఎన్నో అలకు నిద్రపోయాడో నాకు ఉత్తరం రాయి.